గాజుల కింద గీతలు

2003లో కుప్పం పోయే బస్సులో, ఒళ్లో నిద్రపోతున్న ఆరేళ్ల పల్లవి గాజులు జరిపిన తల్లికి రెండు మణికట్ల మీదా తాడు ఒరుసుకున్న గీతలు కనిపించాయి. పక్కన భర్త.

"మామా, సూడు! బిడ్డ చేతులు ఎవురో కట్టేసుండారు."

"మనం బిడ్డను పంపే మదనపల్లె ట్రైనింగు సెంటరోళ్లేమో. ఎప్పుడూ రెక్కల మాదిరి చేతులు ఆడిస్తాదని కట్టుంటారు."

"మనం ఇప్పుడు పోతాండే కుప్పం డాక్టరమ్మ ఆడించుకోనీ అంటాది. అదే బిడ్డకు నిమ్మళమంట."

"ఆయమ్మకు సూపిచ్చొద్దు. పుంగనూరులో దిగిపోదాం."

"యాల? మామా... ఇది మన గొర్రెపిల్లల్ని కట్టే మెలితాడు అచ్చు. సెంటర్లో ఆ తాడు యాడిది?"

"అరవొద్దు మే. బస్సంతా సూస్తాండాది."

"సూడనీ. ఎవురు కట్టిరి?"

"నేనే. అందరూ నవ్వుతారని భయం. చిన్నప్పుడు మా నాయన నన్నూ అట్లే కట్టినాడు. మానేసినాననుకున్నాడు. ఎవురూ లేనప్పుడు, గొర్రెల దొడ్లో, నేనింకా చేతులు ఆడిస్తానే ఉండా."