మూత మీద గీతలు

ఇంట్లోనే పాతకాలపు కంప్యూటర్లు తయారుచేసే సరదా బావకీ, బావమరిదికీ ఇద్దరికీ ఉంది. ఆదివారం పొద్దున్నే బావ వచ్చేసరికి బావమరిది వరండాలో డ్రిల్లు ముందేసుకుని కూర్చున్నాడు.

“ఏంట్రా ఇది? కరెంటువాళ్ళు గోడకి బిగించే ప్లాస్టిక్ డబ్బా కదూ?”

“అదే బావా. అసలు పెట్టె కొందామంటే కంప్యూటర్‌కన్నా దానికే ఎక్కువయ్యేట్టుంది. నీదింకా చెప్పుల డబ్బాలోనేనా?”

“లోపల సరుకుండాలి గానీ, పైన ఏదైతేనేం?”

“అక్క నా కంప్యూటర్‌ని ఫోటో తీసి చుట్టాలందరికీ పంపింది. మా తమ్ముడి బుర్రే బుర్ర అని రాసింది.”

“చూశాను. నాది నీదానికంటే ముందే పనిచేసింది. మీ అక్క ఒక్క ఫోటో తీసిన పాపాన పోలేదు.”

“సాయంత్రం పాత కంప్యూటర్ల ప్రదర్శన ఉందిగా, నువ్వూ తీసుకురా మరి!”

“చెప్పుల డబ్బాతోనా?”

బావమరిది నవ్వి, మూత చేతికిచ్చాడు. బావ ఒక్క చూపులోనే కనిపెట్టేశాడు. వీడు కొలతలు మూత లోపలివైపు తీసుకుని, వాటినే బయటివైపు గీసేశాడు. ఎడమన రావాల్సిన రంధ్రాలన్నీ కుడివైపు పడతాయి.

“సరిగ్గా ఉందా బావా? దుకాణంలో ఇదే ఆఖరిది.”

“బ్రహ్మాండంగా ఉంది.”

“నువ్వు చూశాక ఇంక భయమేముంది!”

డ్రిల్లు గుర్రుమంది.

“ఒరేయ్, ఆగు!”

“ఏం బావా?”

మాట నాలుక చివరిదాకా వచ్చింది. బావమరిది అమాయకంగా తలెత్తి చూస్తున్నాడు.

“కళ్ళద్దాలు పెట్టుకోరా. ముక్కలు కంట్లో పడతాయి.”