కొట్‌బుస్ స్టేషన్లో చెప్పిన మాట

బెర్లిన్, 1992. జైలు ములాఖత్ గది. రెండు జర్మనీలూ ఒకటయ్యాయి; ఒకప్పుడు తూర్పు జర్మనీ సైనికుడిగా బెర్లిన్ గోడ దగ్గర కాపలా కాసిన హోల్గర్, అతన్ని చూడ్డానికి వచ్చిన తల్లి గెర్లిండ్.

“ఆ ఒక్క ముక్కా అనరా. నాకు తెలీదు, అను. అంతే.”

“ఏం తెలీదనమంటావమ్మా?”

“కాల్చడం తప్పని. గోడ దూకేవాణ్ణి కాల్చమని అప్పటి చట్టమే చెప్పింది. అప్పుడు నేరం కానిదానికి ఇప్పుడు శిక్ష వెయ్యకూడదని వీళ్ల రాజ్యాంగంలోనే ఉందట. లాయరుగారు వేలు పెట్టి మరీ చూపించారు.”

“జడ్జి ఒప్పుకోలేదుగా. రాసిన చట్టం మీద ఇంకో చట్టం ఉందట. మనిషై పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుస్తుందట.”

“ఎక్కడుందో చూపించమను! అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడివి. బళ్లో చెప్పలేదు, పటాలంలో చెప్పలేదు. నీకేమన్నా కలొచ్చిందా?”

“బళ్లో పౌరశాస్త్రం చెప్పింది నువ్వే కదమ్మా.”

“అవును, నేనే. గోడ మనల్ని కాపాడుతోందని చెప్పాను. ఉద్యోగం మరి! కావాలంటే ఆ మాట కోర్టులో చెప్పుకో.”

“మరి పటాలానికి పంపిస్తూ, కొట్‌బుస్ స్టేషన్లో రైలెక్కించేప్పుడు ఏం చెప్పావు?”

“స్టేషన్లోనా? రొట్టెలు వేళకి తినమన్నాను. కాళ్లు తడవనివ్వకన్నాను.”

“అమ్మా.”

“గుర్తులేదు.”

“మెడ పట్టి దగ్గరికి లాక్కుని చెవిలో అన్నావు. ‘ఎవరైనా దూకబోతే తుపాకీ పైకెత్తి కాల్చు నాయనా, గురి తప్పిందనుకుంటారు’ అని.”

“మెల్లిగా! తలుపు దగ్గరున్న ఆ జైలు జవాను వింటాడు.”

“విననీ. నాకు తెలుసమ్మా. తెలిసే కాల్చాను.”

“మరి ఎందుకు ఎత్తలేదురా? ఎందుకు ఎత్తలేదు?”

“పక్కనున్నవాడి పేరు కూడా తెలీదు. రోజుకో కొత్తవాణ్ణి జత వేసేవాళ్లు, ఒకడి మీద ఒకడు చాడీ చెప్పాలని. వాడు నా తుపాకీ గొట్టం వంకే చూస్తున్నాడు. భయమేసింది. గోడకి వేసిన నిచ్చెన మీదున్న ఆ కుర్రాడు ‘వద్దు, దిగుతున్నా’ అన్నాడు. అప్పటికే...”

“చాలు! ఇదంతా వాగావంటే ఏళ్ల తరబడి లోపలే ఉంటావు. అప్పటిదాకా నేనుంటానా?”

“ఆ కుర్రాడి తల్లి రోజూ వచ్చి ముందు వరసలో కూచుంటోంది. ఆవిడ మొహం చూస్తూ తెలీదని ఎలా అనను? నావల్ల కాదు. మా అమ్మ ముందే చెప్పిందని రేపు చెప్పేస్తాను.”

“చెప్పు. నీ తర్వాత సాక్షిని నేనే. నా కొడుకు అబద్ధమాడుతున్నాడు, నేనలాంటి మాట అననే లేదని ప్రమాణం చేసి చెబుతాను.”