నలభై స్వరాలూ ఒక్కడే మోగించిన పాక్ ఎండాంగ్

“ప్రతి బిడ్డ చేతికీ ఒక స్వరం, ప్రతి బిడ్డ కాలికీ ఒక బంతి, ప్రతి బిడ్డ వేళ్ళకీ ఒక రంగు. ఇది మా మాట.”

బాండుంగ్ నగరంలో ఒక ప్రైవేటు బడి గేటు మీద జూలైలో ఈ మాట నిలువెత్తు బ్యానర్ మీద వేలాడింది. అది చదివే జాత్నిక తన చెల్లెలు రెంగ్గానిస్‌ను అక్కడ చేర్చాడు. పిల్లల్ని చేర్చుకోవడం అయిపోగానే బ్యానర్ దిగింది. సెప్టెంబరు వచ్చేసరికి ఆటస్థలంలో కార్లు నిలిపారు, రంగుల గదికి తాళం వేశారు, ఆంక్లుంగ్ పీరియడ్‌ను లెక్కల పరీక్షలకు ఇచ్చేశారు.

ఆంక్లుంగ్ అంటే చేత్తో పట్టుకుని ఊపే వెదురు గొట్టాలు. ఒక్కోదాంట్లో ఒక్క స్వరమే పలుకుతుంది. ఎవరి స్వరం వాళ్ళది. తన వంతు వచ్చినప్పుడు ఊపాలి, మిగతాసేపు పక్కవాడిది వినాలి. రెంగ్గానిస్‌కు నాలుగో స్వరం ఇచ్చారు. తరగతిలో పిల్లలంతా ఆమెను “నాలుగూ” అనే పిలిచేవాళ్ళు. ఇప్పుడు ఆ పిల్ల ఇంట్లో ఉత్త చెయ్యి చాపి గోడకేసి నిలబడుతుంది, పాటంతా మనసులో నడుపుకుని, తన వంతు రాగానే చెయ్యి ఊపుతుంది. జాత్నికకు అది చూడబుద్ధి కావడం లేదు.

అందుకే ఆ వానమధ్యాహ్నం పాక్ ఎండాంగ్‌ను నిలదీయడానికి వచ్చాడు. పాక్ అంటే అక్కడ ‘అయ్యగారు’ అన్నట్టు. పాక్ ఎండాంగ్ ఆ బడిలో కళలకూ ఆటలకూ పెద్ద. పదవి అలాగే ఉంది, పీరియడ్లే లేవు. కనుక బడి ఎదురుగా ఇయార్ అక్క కాఫీకొట్లో బెంచీ మీద కూర్చుని, అల్లం బాండ్రెక్ తాగుతూ, పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళకు కబుర్లు చెప్పడం ఆయన పని అయింది.

“విద్య అంగడి సరుకు కాదు పాక్!” జాత్నిక నిలబడే మొదలుపెట్టాడు. “కళ లేని చదువు ఆత్మ లేని దేహం. పిల్లల బాల్యాన్ని మార్కుల యంత్రానికి మేతగా వేస్తున్న ఈ వ్యవస్థ...”

“కూర్చో నాయనా,” అన్నాడు మాంగ్ దాదాన్. మాంగ్ అంటే ‘బాబాయ్’ లాంటి పిలుపు. ఆయన వ్యాను నడుపుతాడు, కొడుకు రెంగ్గానిస్ తరగతే. “పుస్తకాల మాటలు తర్వాత చెబుదువుగాని, బజ్జీ చల్లారిపోతోంది.”

పాక్ ఎండాంగ్ నవ్వి గ్లాసు కింద పెట్టాడు. “సంగీతం పోయిందని ఎవరన్నారయ్యా? నేనుండగా ఎక్కడికి పోతుంది? పోయినేడు పోటీల్లో ఏం జరిగిందో నీకు తెలియదు, పాపం. మన బడి పిల్లకి ఒకత్తెకి జ్వరం వచ్చింది. నేనేం చేశానూ, ఆ పిల్ల ఆంక్లుంగ్ తీసుకుని వెనకవరసలో నిలబడి, వంతు రాగానే ఊపేశాను. అంతే. గొప్పేం కాదు.”

“గొప్పేముందిలే,” అన్నాడు మాంగ్ దాదాన్. “అది నేనూ ఊపుతాను.”

ఆ మాట పాక్ ఎండాంగ్‌కు ఎక్కడో తగిలింది. బెంచీ మీద కాస్త ముందుకు జరిగాడు.

“విను మరి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్క పిల్లతో ఆగిందా? ఆ వీధిచివర చెందోల్ తాగి ఐదుగురికి ఒకేసారి కడుపునొప్పి పట్టుకుంది, అవతల జడ్జీలు గంట కొట్టేస్తున్నారు, నేను వెనకాడే మనిషినా, రెండు చేతులకూ రెండు, మోచేతులకు రెండు తగిలించుకుని, ఐదోది పళ్ళతో కరిచి పట్టుకున్నాను.”

“పళ్ళతోనా!” అంది ఇయార్ అక్క.

“కింది పళ్ళతో. పై పళ్ళు ఖాళీగా ఉంచుకోవద్దూ, పాట పాడాలి కదా.”

మాంగ్ దాదాన్ బజ్జీ గొంతుకు అడ్డం పడి దగ్గాడు. జాత్నిక నవ్వలేదు. “పాక్, నేను అడిగింది ఈ సంవత్సరం పీరియడ్ గురించి.”

“అక్కడికే వస్తున్నా, తొందరపడకు. అది సెమీఫైనలు. ఫైనలు నాడు చూడాలి నా సామిరంగా! లెంబాంగ్ దారిలో పిల్లల బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. ఇక్కడ స్టేజీ మీద నలభై ఆంక్లుంగ్‌లున్నాయి, మనిషినొక్కణ్ణి నేనున్నాను. వేరేవాడైతే ఇంటికి పోయేవాడు. నేను బట్టలారేసే తాడొకటి తెప్పించి, నలభయ్యీ వరసగా దానికి కట్టి, కొస నా నడుముకి చుట్టుకుని, ఇలా ఒక్క తిప్పు తిప్పాను, నలభై స్వరాలూ తేనెలా జారిపోయాయంటే నమ్ము! అబద్ధమైతే ఈ బాండ్రెక్ నాకు విషం.”

“పొయ్యండక్కా ఇంకో గ్లాసు, చూద్దాం,” అన్నాడు మాంగ్ దాదాన్.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్క మైదానంలో కాళ్ళతో బంతి తన్నే తక్రా ఆట జరుగుతోంది, మన జట్టుకి ఒకడు తక్కువయ్యాడు. ‘పాక్, కాస్త కాలు అరువివ్వండి’ అంటూ పరిగెత్తుకొచ్చారు. చేతులు పాటలో ఉన్నాయి, నడుము తాడుకుంది, కాలు ఊరికే ఉంది కదా అని ఒక్క తన్ను తన్నాను. ఆ పేము బంతి కప్పు దాటి, మబ్బు దాటి, వెళ్ళి వెళ్ళి తంకుబాన్ పరాహు అగ్నికొండ నోట్లో పడింది. కొండకి పొలమారింది! ఒక్క తుమ్ము తుమ్మేసరికి ఆ బంతి గరుత్‌లో ఒకావిడ దోదోల్ కలుపుతున్న బానలో తేలింది. ఈ రోజుకీ ఆ ఊరి మిఠాయికి ఆ గుండ్రటి రూపం ఎలా వచ్చిందనుకున్నావు?”

“దోదోల్ పొడుగ్గా ఉంటుంది కదండీ,” అంది ఇయార్ అక్క.

“ఇప్పుడు సాగదీస్తున్నారులే, కల్తీ ఎక్కువైపోయింది. ఇంతలో స్టేజీ వెనక గోడ బోసిగా ఉందని నాకు ఒకటే చిరాకు. రెండో కాలి వేళ్ళతో కుంచె పట్టుకుని పొలాలూ, గేదెలూ, వానా మొత్తం గీసేశాను. ఎంత బాగా వచ్చిందంటే ముందువరసలో వాళ్ళు గొడుగులు తెరిచారు.”

“ఆగండాగండి,” అన్నాడు మాంగ్ దాదాన్. “ఒక కాలు బంతికి, ఒక కాలు కుంచెకి. మరి నిలబడింది దేని మీద?”

“నిలబడ్డానని నీకెవరు చెప్పారు? పాట ఎత్తేసింది నన్ను! జడ్జీలు ముగ్గురూ నా కాళ్ళకి దండం పెడదామని ఎగిరి ఎగిరి అలిసిపోయారు. చివరికి కప్పు ఇచ్చారు. అది మన గేటులో పట్టదు. అందుకే దాన్ని బోర్లించి అందులోనే ఇప్పుడు ఆఫీసు నడుపుతున్నాం. అదయ్యా మన బడి! సంగీతం, ఆట, బొమ్మ, మూడూ ఒక్క పీరియడ్‌లో!”

కొట్లో అందరూ విరగబడి నవ్వారు. పాక్ ఎండాంగ్ గ్లాసెత్తి నిదానంగా తాగాడు. జాత్నిక మాత్రం అప్పటికి బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. వచ్చేటప్పుడు దారంతా కూర్చుకున్న నినాదాలు ఏవీ ఇప్పుడు నోటికి రాలేదు. ఒక చిన్న సందేహం వచ్చింది, అదే అడిగాడు.

“పాక్, బస్సులో ఇరుక్కున్న పిల్లలు ఎప్పుడొచ్చారు?”

“ఏ పిల్లలు?”

“ఆ నలభై మంది.”

“వాళ్ళా?” పాక్ ఎండాంగ్ మూతి తుడుచుకున్నాడు. కథలో ఉన్న ఊపులోనే జవాబు వచ్చేసింది. “వాళ్ళని దారిలోంచే వెనక్కి పంపించేశాం కదా. మర్నాడు లెక్కల పరీక్ష.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇయార్ అక్క గరిటె మూకుడులోనే వదిలి ఇటు తిరిగింది.

“నలభై స్వరాలూ మీరే మోగించారు,” అన్నాడు జాత్నిక. “బంతి మీరే తన్నారు, గోడా మీరే గీశారు. ఒక్కడే వాయించుకోవాలంటే పిల్లనగ్రోవి ఉంది కదా పాక్. మనవాళ్ళు ఆంక్లుంగ్ చేసిందే పక్కన ఇంకొకడు ఉండాలని. ఇంత పెద్ద కథలో మా రెంగ్గానిస్‌లాంటి పిల్ల నిలబడడానికి జానెడు చోటు దొరకలేదా?”

“కథయ్యా బాబూ, కథన్నాక...”

“కథలో కూడా పిల్లల్ని పరీక్షకే పంపావు కదయ్యా పెద్దమనిషీ,” అన్నాడు మాంగ్ దాదాన్. ఆయన గొంతులో వేళాకోళం లేదు. “మావాడు రెండో స్వరం. వాడిదీ నువ్వే ఊపేశావన్నమాట.”

పాక్ ఎండాంగ్ గేటు వైపు చూశాడు, గంట కొడితే బాగుండునన్నట్టు. “నా చేతిలో ఏముంది? పైవాళ్ళ నిర్ణయం.”

“పైవాళ్ళని అడిగారా?”

“అడగాలి.”

“ఎప్పుడు?”

“చూద్దాం. వీలు చూసుకుని. వచ్చే నెలలో ఒక మీటింగు ఉండొచ్చు...”

“ఉండొచ్చు కాదు.” జాత్నిక లేచాడు. అరవలేదు. “ఆంక్లుంగ్ పీరియడ్ తిరిగి ఇస్తారో, ఇవ్వరో, పిల్లల ముందు నిలబడి మీ నోటితో మీరే చెప్పండి. ఇస్తామంటే సంతోషం. ఇవ్వమంటే మా పిల్లల్ని మేము తీసుకుపోతాం.”

“మావాణ్ణి కూడా రాసుకో,” అన్నాడు మాంగ్ దాదాన్.

“అంత తొందరేమిటయ్యా? ఒక తారీఖంటూ ఉండాలిగా...”

“ఉంది,” అన్నాడు జాత్నిక. “అక్టోబరు పదిహేడు, శుక్రవారం.”