డెబ్బై నాలుగు పొయ్యిల పెద్దమనిషి

పెద్ద వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది, నీళ్లు తీసిన పదకొండో రోజు ఉదయం పదింటికి, ఇప్పుడు ఉప సంచాలకులుగా పదవీ విరమణ చేసిన మా పొయ్యిగారు ఈ గణాంక, ప్రణాళికా కార్యాలయంలో గణకులుగా చేరారు. ఖచ్చితమైన తేదీ కావాలంటే హాజరు పట్టీ చూడాలి. ఆ పట్టీ ఆ రోజు తాడు మీద ఆరుతోంది. కింది అంతస్తులోని దస్త్రాలన్నీ వరండా పొడవునా బట్టల్లా ఆరేసి ఉండగా, ఫైళ్లు కుట్టేవాడు ఒక్కొక్క కాగితాన్నీ ఇస్త్రీ పెట్టెతో సాపు చేస్తున్నాడు. కొత్త చొక్కా, కొత్త చెప్పులు, చేతిలో నియామక పత్రంతో వచ్చిన ఇరవై మూడేళ్ల పొయ్యిగారు "సంతకం ఎక్కడ పెట్టాలండీ?" అని అడిగారు.

"ఆగు బాబూ, పేజీ కాలుతోంది" అన్నాడు ఫైళ్లు కుట్టేవాడు.

ఆ వేడి కాగితం మీద పెట్టిన సంతకంతో మొదలైన సేవ ముప్ఫై ఏడేళ్లు చల్లారలేదు. ఆనాడు ఇస్త్రీ పెట్టె పట్టినవాడే ఈ వ్యాసం రాస్తున్నది. చదువు మూడో తరగతితో సరి. మిగతా భాషంతా ఫైళ్లు కుడుతూ నేర్చినదే కనుక, తప్పులుంటే అవి ఫైళ్లవి.

వారి అసలు పేరు పదవీ విరమణ సభ ఆహ్వాన పత్రిక మీద అందంగా అచ్చయింది. ఈ భవనంలో ఆ పేరుతో పిలిస్తే మాత్రం ఎవరూ తిరిగి చూడరు, వారితో సహా. పొయ్యిగారు అన్న బిరుదు వారికి ఉద్యోగంలో చేరిన రెండో వారమే దక్కింది. దాని వెనక ఒక పొరపాటు ఉంది. సన్మాన సంచికలో పొరపాటు గురించి రాయవచ్చా అని వారినే అడిగాను. "అది రాయకపోతే ఇంకేం రాస్తావయ్యా, మిగతాదంతా జీతానికి చేసిన పనే" అన్నారు.

వరదకి ఇళ్లు పోయినవారిని రేవు పక్కనున్న పెద్ద గోదాములో ఉంచారు. కుటుంబానికి ఒక ఇల్లు చొప్పున మెరక మీద కట్టివ్వాలని ప్రభుత్వ నిర్ణయం. జాబితా రాసే బాధ్యత కొత్త గణకులైన పొయ్యిగారికి అప్పగించారు. కుటుంబం అంటే ఏమిటో మా నియమావళిలో స్పష్టంగా ఉంది: ఒకే పొయ్యి మీద వండుకుని తినేవారంతా ఒకే కుటుంబం. పొయ్యిగారు ఆ వాక్యాన్ని కంఠతా పట్టి వెళ్లారు. గోదాములో ఎండుకట్టెలు కరువై, అందరికీ కలిపి ఒకటే పెద్ద పొయ్యి మీద ఒకావిడ వండి పెడుతోంది. తక్కిన గణకులకి వారం పట్టే పనిని వీరు ఒక్క పూటలో ముగించి వచ్చారు. కుటుంబాలు: ఒకటి. సభ్యులు: మూడువందల పన్నెండు. కుటుంబ పెద్ద: వంటావిడ.

ఆ కాగితం నాలుగు బల్లలు దాటింది. నాలుగు బల్లల దగ్గరా నియమానికి సరిపోయిందా లేదా అని చూశారు. సరిపోయింది. నాలుగు సంతకాలు పడ్డాయి. వారం తిరక్కుండానే మంజూరు పత్రం వచ్చింది: ఇల్లు ఒకటి, గదులు రెండు.

బుధవారం పొద్దున్నే వంటావిడ చేతిలో గరిటెతో సహా మా వరండాలోకి వచ్చింది. పొయ్యి మీద ఎసరు పెట్టి, అలాగే వచ్చేసినట్టుంది.

"ఇక్కడ నన్ను ఇంటిపెద్దని చేసిన పుణ్యాత్ముడెవరయ్యా?"

పొయ్యిగారు లేచి నిలబడ్డారు.

"నువ్వా నాయనా? చల్లగా ఉండు. నా కడుపున ఒక్కరూ పుట్టలేదు. నువ్వేమో ఒక్క పూటలో మూడువందల పదకొండు మందిని ఇచ్చావు. మరి రెండు గదుల్లో వీళ్లనెలా పడుకోబెట్టాలో అదీ చెప్పు. నిలబెట్టి పేర్చనా, దొంతి పెట్టనా?"

వరండా అంతా నవ్వింది. పొయ్యిగారు నవ్వలేదు. జాబితా శుక్రవారం సాయంత్రం మూసేస్తారు. ఆ తర్వాత చేర్చడానికి వీల్లేదు. తన చేతి రాతతో అన్ని సంసారాలు నీడ లేకుండా పోతాయని అప్పుడు అర్థమై, వారి ముఖం తాడు మీది కాగితంలా పాలిపోయింది. పరుగున సంచాలకుల గదికి వెళ్లారు.

సంచాలకులు మంచివారే, కానీ నియమావళికి కట్టుబడినవారు. "నియమం మార్చడం నా చేతుల్లో లేదయ్యా. ఒక పొయ్యి, ఒక కుటుంబం. అంతే" అన్నారు.

"మరి పొయ్యిలు ఎక్కువుంటేనో అండీ?"

"ఉంటే రాసుకురా. నాకేం అభ్యంతరం?"

గురువారం తెల్లవారేసరికి పొయ్యిగారు గోదాము వెనక కూలిన గోడ దగ్గరున్నారు. ఇటుకలు తామే మోశారు. కొత్త చొక్కా కాస్తా బొగ్గుల బస్తా అయింది. సంసారానికి మూడు ఇటుకలు, ఒక్క పుల్ల, గ్లాసుడు నీళ్లు. పుల్లలు తడివి, అంటుకోవు. వంటావిడ తన పెద్ద పొయ్యిలోంచి గరిటెతో నిప్పులు తీసి, ఒక్కొక్క పొయ్యిలో వేసుకుంటూ నడిచింది. ఆవరణంతా పొగ. ఒకాయన దగ్గుతూ "వరదలో చావనివాణ్ణి పొగపెట్టి చంపుతున్నారు" అన్నాడు. "ఓర్చుకో మామా, ఇల్లొస్తుంది" అంది పక్క పొయ్యి మనిషి.

కళ్లు చింతనిప్పులయ్యేదాకా పొయ్యిగారు లెక్కపెట్టారు. డెబ్బై మూడు వచ్చాయి. సంతకానికి కలం తీసి, ఆగి, వెనక్కి చూశారు. అందరికీ నిప్పు పంచిన ఆవిడ తన పొయ్యి పక్కన చేతులు దులుపుకుంటూ ఒక్కర్తే నిలబడి ఉంది. నిన్నటిదాకా మూడువందల పన్నెండు మందికి పెద్ద. ఇవాళ ఏ జాబితాలోనూ లేదు.

"మీ పొయ్యి ఏదమ్మా?"

"ఇదేగా. నిప్పులన్నీ ఊడ్చి ఇచ్చేశాను, ఆరిపోయింది."

"వెలిగించండి."

"నాకెందుకు నాయనా? ఒక్కదాన్ని. ఒక్క మనిషిని కుటుంబమంటారా?"

"నియమంలో పొయ్యి ఉండాలని ఉందమ్మా. మనుషులు ఎందరుండాలో లేదు."

ఆవిడ పొరుగు పొయ్యికి వెళ్లి, తనిచ్చిన నిప్పే ఒక్కటి అడిగి తెచ్చుకుంది. డెబ్బై నాలుగు.

శుక్రవారం మధ్యాహ్నం సంచాలకులు కళ్లజోడు సవరించుకుని జాబితా చూశారు. "మొన్న ఒకటి, ఇవాళ డెబ్బై నాలుగా? ఇంతలో ఏమైందయ్యా?"

"వేరు కాపురాలు పెట్టారండీ."

సంచాలకులు కాగితం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదలడం వరండాలోంచి కనిపించింది. సంతకం పెట్టారు.

మరొకరైతే గండం గడిచిందని ఊరుకునేవారు. పొయ్యిగారు ఆ సోమవారమే, ఆపద కారణంగా కలిసి వండుకున్నవారిని ఒక కుటుంబంగా పరిగణించరాదని ఒక పేజీ వినతి రాశారు. తొమ్మిదేళ్లు పట్టింది. నలుగురు సంచాలకులు మారారు. ఈ మధ్యలో వీరు గణకుల నుంచి పర్యవేక్షకులై, ఆపైన పరిశోధనాధికారి అయ్యారు. వినతి మాత్రం ఏటా కొత్త అట్టతో నా దగ్గరకి కుట్టుకి వచ్చేది. చివరికి నియమం మారింది.

ఆ తర్వాత వారు పెట్టిన ఆచారమే వరండా బెంచీ. ఏ ఫారమైనా, ఏ పథకమైనా అచ్చుకి వెళ్లే ముందు, దాన్ని నింపవలసిన నలుగురిని పిలిచి, ఆ బెంచీ మీద కూర్చోబెట్టి, పైకి చదివి వినిపించాలి. వృద్ధాప్య భృతి ఫారంలో పుట్టిన తేదీ గడి వినగానే ఒక ముసలాయన "మా అమ్మ చెప్పలేదు, నేనడగలేదు" అన్నాడు. ఆ గడి పక్కన 'సుమారు వయసు' అని మరో గడి వచ్చింది. పని వెతుక్కుంటూ ఊళ్లు తిరిగే తాపీమేస్త్రి "ఇక్కడ అడిగితే అక్కడికి పొమ్మంటారు, అక్కడడిగితే ఇక్కడివాడివంటారు. నేను దారిలోవాణ్ణి" అన్నాడు. దారిలోవారికోసం ఒక పేజీ వచ్చింది. ఆధునిక రాజ్యానికి ధనం కొరత, భూమి కొరత, పని కొరత ఎన్ని ఉన్నా, అన్నిటికన్నా ముందు తీరవలసినది తన మనుషులెవరో తనకి తెలియని కొరతేనని, అది బెంచీ దగ్గర తీరినంతగా బల్ల దగ్గర తీరదని వారు నమ్మారు.

ఒక ఏడాది, పనిలేనివారి సంఖ్య పెద్దగా ఉందని పైవారికి కష్టం కలిగింది. వెతికి వెతికి విసిగి మానేసినవారిని లెక్కలోంచి తీసెయ్యమన్నారు. "సంఖ్య తగ్గాలంటే పని దొరకాలండీ, ప్రశ్న మారితే ఎలా?" అని పొయ్యిగారు వినయంగానే అన్నారు. అంతే వినయంగా వారిని రెండేళ్లపాటు నా రికార్డు గదికి బదిలీ చేశారు. ఫైళ్లు కుట్టడం నేర్పాను. వేలికి గుచ్చుకున్నదే ఎక్కువ. ఆ విద్య మాత్రం వారికి రాలేదని నిజాయితీగా నమోదు చేస్తున్నాను. ప్రశ్న యథాస్థానానికి వచ్చింది. వారూ వచ్చారు. మరో పదేళ్లకి ఉప సంచాలకులయ్యారు.

నిన్నటి సభలో శాలువాలు, పూలదండలు, ప్రసంగాలు అన్నీ యథావిధిగా జరిగాయి. చివర్లో ఎనభై దాటిన ఒకావిడ మనవరాలి వరసమ్మాయి చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కింది. డెబ్బై నాలుగో ఇల్లు ఆవిడది. శాలువా తేలేదు. గరిటె తెచ్చింది. అదే గరిటె.

"ఇన్నాళ్లూ పొయ్యిలు లెక్కపెట్టావు. ఇక వండు నాయనా."

మైకు దగ్గరే ఉన్న వారి శ్రీమతిగారు అందుకున్నారు. "మంచి మాట చెప్పారత్తా. ఊరందరి పొయ్యిలూ తెలుసు ఈయనకి. మా పొయ్యి ఎటువైపుందో ముప్ఫై మూడేళ్లుగా తెలీదు." సభ చప్పట్లు ఆపలేదు. పొయ్యిగారు గరిటెని నియామక పత్రంలా రెండు చేతులతో అందుకున్నారు.

నలుగురికి నీడ చూపిన ఆ చేతులకి సత్తువ తగ్గకుండా, పొగకి ఎర్రబడిన ఆ కళ్లకి చూపు మందగించకుండా, వారి ఇంట నిప్పు ఆరకుండా, దంపతులిద్దరూ మనవలు, మునిమనవల వేరు కాపురాలు లెక్కపెట్టుకునేంత దీర్ఘకాలం ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని ఈ కార్యాలయం తరఫున కోరుకుంటున్నాను.

సంచికకి ఫొటో కావలసి ఇవాళ పొద్దున వారింటికి వెళ్లాను. వంటింట్లో శ్రీమతిగారు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. పొయ్యిగారు స్టవ్ ముందు నిలబడి, ఆ గరిటెతో టీ కలుపుతున్నారు. పాలు ఒకసారి పొంగిపోయిన ఆనవాళ్లున్నాయి. మూడు గ్లాసుల్లో పోసి, మొదటిది శ్రీమతిగారికి, రెండోది నాకు ఇచ్చి, పక్కన నిలబడ్డారు.

"చక్కెర?" అన్నారావిడ.

వారు నా వైపు చూశారు.

చక్కెర పడని నా గ్లాసు నేను తాగేశాను.