ఆమె ఆడిన వీసీడీలు

అనకాపల్లిలో వీసీడీలను అడిగేవాళ్లు లేకుండా పోయిన రోజులవి. భర్త సంచీ గుమ్మరించగానే ఆమె ముఖం వెలిగింది. అన్నీ పెళ్లికి ముందు తాను డాన్సు చేసిన జానపద పాటల డిస్కులే.

"ఇన్ని ఎక్కడ దొరికేయండీ?"

"చీడికాడ, బుచ్చయ్యపేట, అన్ని షాపులూ తిరిగేను. రెండు నెలలు పట్టింది."

"నా కోసమేనా?"

"మరెవరి కోసం? ఏ టీకొట్టులో కూకున్నా, మీ ఆవిడ నడుం బాగా తిప్పిందిరా అని ఎవడో ఒకడు నవ్వుతాడు. ఇదుగో కత్తెర. అన్నీ ముక్కలు సెయ్యి."

"అప్పుడు నాకు పదిహేడేళ్లండీ. ఒక్కటి దాసుకుంటాను. ఎవరికీ సూపించను."

"కత్తిరించు."

అమ్మ దగ్గర ఒకటి ఉందన్న ధైర్యంతో ఆమె ఏడవకుండా అన్నీ కత్తిరించింది. అప్పుడతను చొక్కా లోపలినుంచి ఇంకొకటి తీశాడు.

"ఇది మీ అమ్మ దగ్గరిది. నువ్వు సూడాలని ఆశపడతన్నావని సెప్తే, పమిటితో తుడిసి మరీ ఇచ్చింది. నా కూతురు అదృష్టవంతురాలు బాబూ అని మురిసిపోయింది. ఊఁ, కానీ."