కాఫీ ఇవ్వని గుమ్మం

ఏంటి దుర్గాసాయీ, నీ చేతి గడియారం అలా కుయ్యిమంటోంది? ఒత్తిడి ఎక్కువైందని చెబుతోందా. బాగుంది. మా రోజుల్లో ఆ మాట పెళ్లాం చెప్పేది, చార్జింగు కూడా అక్కర్లేదు. కూర్చో. ఆ లాప్‌టాప్ అరుగు మీద పెట్టు, ఎక్కడికీ పారిపోదులే. నీకు అచ్చం మీ తాత అబ్బులు గారి పోలికే వచ్చింది. వాన పడకపోతే చేను ఎండిపోతుందని ఆయనకి దిగులు, పడితే పంట పడిపోతుందని దిగులు, అన్నీ సరిగ్గా జరుగుతుంటే ఇదేదో తేడాగా ఉందని దిగులు. ఓసారి కళ్లు తిరిగి గట్టు మీద కూలబడితే మీ మామ్మ, అదే రత్నమాణిక్యం గారు, రాజమండ్రి తీసుకెళ్లింది. డాక్టరు బీపీ చూసి, మళ్లీ చూసి, మిషను పాడైందేమోనని నర్సుకి కట్టి చూశాడట. పొద్దున్నే గంట నడవాలన్నాడు, ఆవకాయ తగ్గించాలన్నాడు, తొమ్మిదింటికల్లా పడుకోవాలన్నాడు. లేకపోతే ఏడాదిలో మంచాన పడతారన్నాడు. మీ తాత మిగతావన్నీ వదిలేసి ఆ ఏడాది ఒక్కటీ పట్టుకుని, బస్సులో నెలలు లెక్కపెట్టుకుంటూ ఇంటికొచ్చారు.

సరే, నడక మొదలెట్టారు. మన ఊళ్లో నడవడమంటే మాటలా? మొదటి గుమ్మంలోనే వీరవేణి నిలబడి ఉండేది. "అదేంటండీ, పరాయివాళ్లలా అలా వెళ్లిపోతున్నారు, కాఫీ తాగి వెళ్లండి" అనేది. వద్దంటే ఆవిడ ముఖం చిన్నబోతుంది. ఆవిడ ముఖం చిన్నబోతే ఈయనకి ఆ రాత్రి నిద్ర పట్టదు. అందుకని తాగేవారు. పక్కింట్లో పెసరట్టు, ఎదురింట్లో సున్నుండలు. ఆ సత్యప్రసాద్ అయితే ఉత్త కాఫీ ఇస్తే ఏం బాగుంటుందని ఏకంగా ఆకు వేసి టిఫినే పెట్టేసేవాడు. గంటలో రెండొందల గజాలు నడిచి, ఆయాసపడుతూ ఇంటికొచ్చి, ఈ నడక వల్ల ఆకలి చచ్చిపోతోందే అని మీ మామ్మతో అనేవారు. నెల తిరిగేసరికి నాలుగు కిలోలు పెరిగారు, బీపీ కూడా పెరిగింది. నడుస్తున్నారా అని డాక్టరు అడిగితే, ఒక్కరోజు కూడా మానలేదండి అన్నారు. అబద్ధం కాదుగా.

అప్పుడు మీ మామ్మ ఆలోచించింది. ఈయన్ని పిలిచి కాఫీ ఇవ్వని గుమ్మం ఊళ్లో ఎక్కడుంది? ఒక్కటే ఉంది. ఇదే, నాదే. ఎందుకంటావా? మీ అత్త పెళ్లికి ఊళ్లో అందరి ఇళ్లకీ వెళ్లి, బొట్టు పెట్టి పిలిచారు. వంటవాడు రాడేమో, పందిరి కూలుతుందేమో అనే కంగారులో మీ తాత మా ఇల్లు మర్చిపోయి, ముందురోజు గుర్తొచ్చి, శుభలేఖ పాలవాడి చేత పంపారు. నేను ఊరుకుంటానా? పదకొండేళ్లు మాట్లాడలేదు. విషయం చిన్నదే, అందుకే అంతకాలం పట్టింది. మా ఇల్లు దాటితే లాకుల దాకా కాలవ గట్టే, ఇంకో కొంప లేదు. "ఆ పెద్దిరాజు గారి ఇంటి మీదుగా వెళ్లండి, ఆయన మంచినీళ్లు కూడా ఇవ్వడు" అని మీ మామ్మ ఇటు తరిమింది. ఆయన వస్తుంటే నేను ముఖానికి పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ని. పేపరు రాని రోజున నిన్నటిది పెట్టుకునేవాణ్ని. మూడు నెలల్లో ఆయన పొట్ట తగ్గింది, బీపీ దిగడం మొదలైంది. నాకు ప్రపంచజ్ఞానం పెరిగింది.

ఓరోజు ఆయన రాలేదు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. డాక్టరు పెట్టిన ఏడాది గడువు ఊరందరికీ తెలుసు కదా, నాకు పేపర్లో ఒక్క ముక్క ఎక్కలేదు. ఆఖరికి చొక్కా వేసుకుని మీ ఇంటికెళ్లాను. ఏమని పలకరించాలో తెలియక, "ఏమండీ, మా వీధి కనబడ్డం లేదా?" అన్నాను. ఆయన దుప్పటి కప్పుకుని ఉన్నారు. జ్వరమన్నారు. ఉత్త జ్వరమేనా అన్నాను. ఉత్తదే అన్నారు. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "పెద్దిరాజూ, ఆ శుభలేఖ..." అని ఆయన మొదలెడితే, "అది జ్వరం తగ్గాక నడుస్తూ చెబుదురుగాని" అన్నాను.

ఆ తర్వాత రోజూ ఇద్దరం కలిసే నడిచేవాళ్లం. వెళ్లేటప్పుడు శుభలేఖ గురించి దెబ్బలాడుకోవడం, వచ్చేటప్పుడు ఊళ్లోవాళ్లని తిట్టుకోవడం. ఒళ్లు దూదిపింజె అయిపోయేదనుకో. ఆయన రోజు మొత్తానికి సరిపడా దిగులు ఆ గంటలోనే పడేసి, ఇంటికెళ్లి కమ్మగా తిని, తొమ్మిదింటికి గుర్రు పెట్టేవారు. ఏడాదన్న మనిషి పంతొమ్మిదేళ్లు నడిచారు. అన్నేళ్లలోనూ ఈ గుమ్మంలో ఆయనకి చుక్క కాఫీ ఇవ్వలేదు. ఓసారి మా ఆవిడ గ్లాసు పట్టుకుని వస్తే వెనక్కి పంపేశాను. మనవైపు పుట్టి ఆ పని చెయ్యడం ఎంత కష్టమో నీకేం తెలుసు. ఆయన గేటు దగ్గర నిలబడి, వాసన ఓసారి గట్టిగా పీల్చి, "ఏం మర్యాదయ్యా నీది" అని నవ్వుకుంటూ వెళ్లేవారు.

ఎనభై రెండో ఏట నిద్రలోనే పోయారు. అప్పటిదాకా నాకు బీపీ లేదు. ఆయన పోయిన నెలకి వచ్చింది.

ఊఁ.

సరేగానీ, మీ నాన్న ఆ కొత్త కారు వీధికి అడ్డంగా పెట్టాడేంటి? దాన్ని చూసి వీరవేణి కోడలి గేదె బెదిరిపోయి, మూడు రోజుల నుంచి పాలు ఎగ్గొడుతోందంట.