సుశీలమ్మ సదివిన కాయితం

“బాపమ్మా, హైదరాబాద్‌ల రూం దొరికింది. ఇంటాయన అగ్రిమెంటు ఫోన్ల పంపిండు. రేపటికల్ల సంతకం పెట్టమంటున్నడు. పెట్టాల్నా?”

ఆగు బిడ్డా, ఆగు. రేపటికల్ల అన్నడా? గా రేపటికల్ల అన్నకాడనే నాకు అనుమానం. మంచి కాయితమైతె ఎల్లుండికి గూడ మంచిగనే ఉంటది గదా. కూసో ఇట్ల. నీకు కోరుట్ల ఇంటి ముచ్చట ఎన్నడన్న చెప్పిన్నా? చెప్పలే. మీ అమ్మ ముంగట చెప్పబుద్ధి కాదు నాకు. ఎందుకో నీకే తెలుస్తది తియ్యి.

అప్పుడు నువ్వు గింత పిల్లవు, అంగన్‌వాడీకి పోతుంటివి. తెలంగాణ లొల్లి జోరు మీదుండె. సకల జనుల సమ్మె అంటరు సూడు, అగో అప్పుడు. బస్సులు లెవ్వు, బడులు లెవ్వు, ఆఫీసులు బంద్. మీ నాయిన సిరిసిల్లల బట్ట నేసే సాంచెల మీద పనికి కుదిరి ఆడనే ఉంటుండె. వారానికోపారి అచ్చేటోడు, బస్సులు బందైనంక గది గూడ లేకపాయె. ఇంట్ల నేను, మీ అమ్మ, నువ్వు. అత్తాకోడండ్లం ఇద్దరం బీడీలు చేసుడు. రెండు అర్రల ఇల్లు, తలుపు తీస్తె రోడ్డే. ఇరువై రెండేండ్ల సంది అండ్లనే ఉంటున్నం. మేం దిగిననాడు కిరాయి అరువై రూపాయలు. అరువై... కాదు కాదు, డెబ్బై. అరువై అన్నది అంతకు ముందటి ఇంటికి. డెబ్బైకి గాయింత ఇల్లు, బాయి నీళ్లు గూడ. గిప్పుడు డెబ్బైకి ఏమస్తది చెప్పు.

ఇంటాయన పేరు మాధవరావు. వాళ్ల తాత నాడు మా సొంతూరు బీర్‌పూర్‌కు దొర, మా అత్త వాళ్ల వాకిలి ఊడ్చింది. ఈయన గట్ల కాదు, మంచిగ మాట్లాడేటోడు. మంచిగ మాట్లాడితేనే నాకు బుగులు. మా వెనుక బంగ్లల ఉంటుండ్రి వాళ్లు. దీక్ష టెంటుల ఆయన పెద్ద లీడరు. మైకు పట్టుకుంటె “మన ఇంట్లకెల్లి మనల్ని ఎల్లగొట్టేటోడు ఎవడు” అని దంచేటోడు. నేను గూడ సప్పట్లు కొట్టిన, అబద్ధమెందుకు. అదే మనిషి తెల్లారి నన్ను పిలిచి, “లచ్చవ్వా, నెల దినాలల్ల ఖాళీ చెయ్యిరి. తెలంగాణ అస్తె రోడ్డు మీది జాగకు రేటు పెరుగుతది, దుకాన్ల షెటర్లు కట్టిస్త” అన్నడు.

ఏడికి పోవాలె బిడ్డా? బీడీలు చేసేటోళ్లకు ఇల్లు ఎవలిస్తరు? తంబాకు వాసన, ఆకు చెత్త అని గుమ్మం కాడనే ఒద్దంటరు. నాలుగు గల్లీలు తిరిగిన, నా చేతులు వాసన చూసి ఒక్కరు సుత ఇయ్యలే. నాకు ఏడుపచ్చింది ఆనాడు, రోడ్డు మీదనే.

ఇగ చూడు ఆయన ఏషాలు. నెల కాంగనే కిరాయి పట్టుకపోయిన. ఎప్పుడు ఆయన పెండ్లాం సుశీలమ్మ వెనుక తలుపు కాడ తీసుకొని, తన చేతితోని చీటీ రాసిచ్చేది. ఆసారి ఆయనే అడ్డం నిలవడి ఒద్దన్నడు. కిరాయి ఒద్దనే ఇంటాయనను నువ్వెక్కడన్న చూసినవా? నేను రాత్రంత... పగలంత గూడ అదే ఆలోచన. తర్వాత కరెంటు. కోతలు అందరికుండె, మాకైతె అచ్చుడే బందయింది. అడిగితె “సమ్మె గదా” అన్నడు. సమ్మె మా ఒక్క ఇంటి తీగకేనా?

ఇగ అప్పటిసంది నాకు తాళం బుగులు పట్టుకున్నది. జగిత్యాలల ఒగలు పెండ్లికి పోయి అచ్చేసరికి ఇంటాయన తన తాళం ఏసుకున్నడట, సామాన్లు లోపలనే ఉండిపోయినయట. అందుకే ఇద్దరం ఒక్కపారి బయిటికి పోతలేకుంటిమి. నేను టెంటు కాడికి పోతె మీ అమ్మ ఇంట్ల, మీ అమ్మ బీడీలు అప్పజెప్పపోతె నేను ఇంట్ల.

చీటీలన్ని నాకాడ భద్రంగ ఉండె. ఎవలన్న గుంజుకపోతరని ఎవలికీ తెల్వనిచోట పెట్టాల్నని బీడీల ఆకు సంచిల, ఎండాకు కట్టల నడుమ దాసిన. మీ అమ్మకు గూడ చెప్పలే. ఇగో, గదే నేను చేసిన తప్పు. ఆకు అయిపోతె ఆమె ఆ సంచి దించి, పొద్దుమూకినంక చీకట్ల చూడక కట్టలన్ని నానవెట్టి గోనెల సుట్టింది. తెల్లారి కత్తిరిద్దామని ఇప్పితె ఏముంది, ఇరువై రెండేండ్ల చీటీలు పేడ ముద్ద. అచ్చరం ఒక్కటి మిగల్లే. ఏమన్న దక్కుతయేమోనని వెనుక వాకిట్ల ఎండల ఆరబోసిన.

తెల్లారే మాధవరావు అచ్చిండు. “చీటీలుంటె చూపియ్యి లచ్చవ్వా. చీటీలు లేకుంటె నువ్వు కిరాయికున్నట్టే కాదు, దయదలిచి ఉండనిచ్చిన” అన్నడు. చీటీలు పాడైనయని ఈయనకెట్ల తెలిసింది? మీ అమ్మనే చెప్పిందనుకున్న. ఆయన పైసలకు ఆశవడి కావాల్ననే నానవెట్టిందనుకున్న. మూడొద్దులు ఆమె చేతి బువ్వ తినలే. ఆమె ఏడ్చింది, నేను చూడనట్టే ఉన్న. వాకిట్ల ఆరబోస్తె బంగ్ల మీదికెల్లి ఆయనకు కనవడదా? గా సోయి నాకు లేదు. నాలుగో దినం ఆయన ఆ బంగ్ల మీద నిలవడి మా వాకిలి చూసుడు కండ్లవడ్డది, అప్పుడు తెలిసింది. తప్పయింది అని ఇప్పటిదాక మీ అమ్మతోని అనలే నేను.

టెంటుల ఒక వకీలు పిల్ల కూసునేది, రజిత అని. వకీళ్లంత కోర్టులు బంద్ చేసి టెంటులనే ఉండ్రి. నా మొకం చూసి ఏందవ్వా అని అడిగింది. చెప్పిన సగం సగం. “కోర్టు ఆర్డరు లేంది నిన్ను ఎవలూ ఎల్లగొట్టద్దు. కరెంటు కట్ చేసుడు తప్పు. కిరాయి తీసుకోకుంటె మనియార్డరు చెయ్యి, పోస్టాఫీసు రశీదు దాసుకో, లేకుంటె రేపు నువ్వే కట్టలేదంటడు” అని చెప్పింది. అప్పుడు సమజయింది నాకు, ఆయన కిరాయి ఎందుకు ఒద్దన్నడో. “కోర్టు తెరిచేదాక ఆగకుంట ఇప్పుడే సంగతంత రాసి సాక్షుల సంతకాలు పెట్టిద్దం, తెరవంగనే కేసు ఏద్దం” అని గూడ అన్నది. అని నా వేలుముద్ర అడిగింది.

వేలుముద్ర అనంగనే నేను లేసి అచ్చేసిన. మీ తాత బీర్‌పూర్ల బాయి మోటరు కోసం అప్పు తెచ్చి కాయితం మీద వేలు పెట్టిండు. అది అప్పు కాయితం కాదు, అరెకరం అమ్మిన కాయితమట. ఆ భూమి పోయినంకనే మేం కోరుట్ల బాట పట్టింది. గా పిల్ల మీద ఎట్ల నమ్మకం? మాధవరావు, ఆ పిల్ల ఒక్క టెంటుల కూసునెటోళ్లు, ఒక్క కేతిలి చాయ్ తాగెటోళ్లు. ఆయన పంపిన మనిషే అనుకున్న.

గప్పుడే వంటావార్పు అచ్చింది. ఊరంత రోడ్డు మీద పొయ్యి పెట్టి వండుకొని తినుడు, బండి కదలనియ్యద్దు, గది పోరాటం. మా బీడీల ఆడోళ్లు అచ్చి “నడువు లచ్చవ్వా, ఇద్దరు రావాలె” అన్నరు. నేను రాను, తాళం ఏస్తడు అన్న. అండ్ల ఒకామె “మీ తలుపు ముంగట ఉన్నది రోడ్డు గాదా? ఈడనే వండుదం” అన్నది. ఇగ మా గుమ్మం ముంగటనే మూడు రాళ్ల పొయ్యిలు, అన్నం వండే గంజులు, డప్పులు. ఎవడు తాళమేస్తడు ఇగ? లీడరు పెండ్లాం కాబట్టి సుశీలమ్మ గూడ బియ్యం మోపిచ్చుకొని అచ్చి కూసున్నది.

రజిత మల్ల కాయితం పట్టుకచ్చింది. నేను అందరి ముంగటనే చెప్పిన, “ముగ్గురు సదవాలె. ముగ్గురు ఒక్క తీర్గ సదివితేనే వేలు పెడుత.” ఆ పిల్ల గుస్స కాలే. నవ్వుకుంట సదివింది. తర్వాత పక్కింటి టైలరు నర్సయ్య సదివిండు, అచ్చం గట్లనే. మూడో మనిషి ఎవలంటె, సుశీలమ్మ దిక్కు చూపిచ్చిన. ఆయన మనిషి గదా, అండ్ల మోసముంటె ఈమె మొకంలనే తెలుస్తదని నా ఉపాయం.

ఆమె అద్దాలు పెట్టుకొని సదువుడు మొదలువెట్టింది. “లచ్చవ్వ అనే నేను ఇరవై రెండేండ్ల నుంచి ఈ ఇంట్లో కిరాయికి ఉంటున్నాను. ప్రతి నెలా కిరాయి...” అనుకుంట ఆగింది. ఇగో, అయింది అనుకున్న, మాట మారుస్తున్నది. డప్పు గూడ ఆగింది. మాధవరావు గంజు కాడ నిలవడి ఈమె దిక్కే చూస్తున్నడు. ఆమె కాయితం మీదికెల్లి కండ్లు లేపి, “ఇచ్చింది. నెల తప్పలే. నా చేతులనే పెట్టింది, చీటీలు నేనే రాసిన” అన్నది. రజిత ఎంత హుషారుదంటె, మాట చల్లారకముందే పెన్ను ఆమె చేతుల పెట్టింది. సంతకం చేసింది సుశీలమ్మ. అప్పుడు పెట్టిన నేను వేలు. బీడీలు చేసి చేసి గీతలు అరిగిపోయినయ్ గదా, మూడుసార్లు ఒత్తితె పడ్డది.

ఇగ ఆయన ఏమంటడు? ఊరంత బంతిల కూసున్నది. ఆయన గూడ కూసున్నడు, నేనే పప్పు పోసిన. వారం లోపల కరెంటచ్చింది. కోర్టు దాక పోనేలేదు. తర్వాత తొమ్మిదేండ్లు ఉన్నం అండ్ల, మీ నాయిన గీ ఇల్లు కట్టేదాక.

సుశీలమ్మ ఎందుకు గట్ల చేసిందో నాకు ఇప్పటికీ అనుమానమే. ఆ కిరాయి పైసలు ఆమె చేతి ఖర్చుకు ఉంటుండె, షెటర్లయితె ఆయన జేబులకు పోతయని అన్నదా? లేక నిజం సదివి అబద్ధం చెప్ప నోరు రాలేదా? ఏమో. రజితకు మాత్రం నేను బాకీ. ఆనాడు అందరికి వడ్డించిన, ఆ పిల్ల తిన్నదో లేదో అడగలే. అనుమానంల పడి గంత మంచి పిల్లకు బువ్వ తిను అనలే నేను.

మీ అమ్మ బీడీ కార్ఖాన కాడికెల్లి అచ్చే యాళ్లయితున్నది. అస్తె తప్పయిందని ఇయ్యాల చెప్పుత. చెప్పుతనో లేదో, నువ్వైతె ఈడనే ఉండు.

సల్లగుండు బిడ్డా. నువ్వు ఏ ఊళ్లె ఉన్నా నీ తలుపుకు నీ తాళమే ఉండాలె. మీ హైదరాబాద్ ఇంటాయనకు పెండ్లాం ఉన్నదా? సరె, ఆ ఫోను ఇటు తియ్యి. ఇంగ్లీషుల ఉన్నదా? తెలుగు చేసుకుంట సదువు. పైనకెల్లి సదువు, నేను ఇంటున్న.